ఆపత్కాల వైద్యము – రాజ్యధర్మము

(పుదుచ్చేరి, కురుచికుప్పమునందు చదువబడిన స్మారకోపన్యాస పాఠము)



ఎవరి స్మృతికి అంజలి ఘటించుటకై మన మిచ్చట సమావేశమైతిమో ఆయన బిరుదాంకితుడు కాడు, గ్రంథకర్త కాడు, ఏ సభావేదికను అలంకరించినవాడును కాడు. యానాములో జన్మించి, యౌవనారంభమున ఉదరపోషణార్థము పుదుచ్చేరి చేరి, ఆసుపత్రి బండి నడుపుటయే వృత్తిగ గైకొని, ఈ సముద్రతీరపు సందులలోనే కాపురముండి, ఇంట తెలుగును వీధిలో తమిళమును ఆసుపత్రి వరండాలో నాలుగు ఫ్రెంచి ముక్కలును మాటలాడుచు ఆయుర్దాయము వెళ్లబుచ్చిన సామాన్య గృహస్థు. తన పేరిట సభలు జరుపవలదని ఆయన చెప్పిపోయిన కారణమున, ఈ ఉపన్యాసమును ఏర్పాటు చేసిన బంధుమిత్రులు పేరు విడిచి పనిని స్మరింపవలెనని నిశ్చయించుకొనిరి. కావున నేనును ఆ పేరు నుచ్చరింపక, ఆయన చేసిన పనిని గూర్చియే ప్రసంగింపదలచితిని.

నేను వైద్యుడను కాను. రాజ్యాంగమును పరిపాలనాశాస్త్రమును విద్యార్థులకు బోధించుటలో కాలము గడపినవాడను. అట్టివాడు వైద్యవిషయమున నోరు విప్పుట సాహసమని మీలో కొందరికి తోచవచ్చును. కాని ఆపదలోనున్న రోగి ఆసుపత్రి గడప తొక్కువరకు జరుగు వ్యవహారములో వైద్యశాస్త్రము పాలు ఎంతయో పరిపాలన పాలును అంతయే కలదు. ఫోను ఎవ్వరెత్తవలెను, బండి ఎచ్చట నిలిచియుండవలెను, సిబ్బంది జీతభత్యములు ఎవరు భరింపవలెను, పొలిమేర దాటవచ్చునా కూడదా, ఆసుపత్రివారు కాదన్నచో వారికి విధి యేమి అను ప్రశ్నలకు వైద్యగ్రంథములందు సమాధానము దొరకదు. అవి రాజ్యము చెప్పవలసిన సమాధానములు.

రాజ్యము ప్రజలకు సమకూర్చు సేవలు పెక్కు కలవు. బడి, బాట, చౌకధరల దుకాణము, పట్టాదారు పుస్తకము, ఇవన్నియు ఆలస్యమును కొంత సహించును. నేడు కాకున్న రేపు, రేపు కాకున్న వచ్చు సోమవారమున రమ్మని గుమాస్తా చెప్పినను, విసుగుకొనుచునైనను ఇంటికి మరలిపోయి తిరిగి రాగలము. ఆపత్కాల వైద్యమునకు ఈ సౌలభ్యము లేదు. గుండె ఆగినవాని మెదడు ప్రాణవాయువు అందక నాలుగైదు నిమిషములలో చెడనారంభించును; మెదడునకు పోవు రక్తనాళము పూడినవానికి ఆ గడ్డను కరిగించు మందు నాలుగున్నర గంటలు దాటిన పిదప సాధారణముగ ఈయరు; ప్రసవానంతరము రక్తస్రావము కట్టుబడని తల్లికి అంత వ్యవధియు లేదు. పైగా ఈ రోగి వరుసలో నిలువలేడు, బేరమాడలేడు, మంచిచెడ్డలు విచారించి ఆసుపత్రిని ఎన్నుకొనలేడు, ఒక్కొక్కప్పుడు తన పేరైనను చెప్పలేడు. కొనువాడు ఎన్నుకొనగలడను ఊహపై నిలిచిన అంగడి న్యాయము, అర్జీదారు వేచియుండగలడను ఊహపై నిలిచిన కచేరీ న్యాయము, రెండును ఈతనియెడ చెల్లవు. అందుచేత రాజ్యము తానై ముందుగ సిద్ధపడియుండుట తప్ప గత్యంతరము లేదు.

ఈ సిద్ధపాటును లోకమునకు మొదట నేర్పినది యుద్ధభూమి. 1792లో రైను నదీప్రాంతమున ఫ్రెంచి సేనతో నుండిన శస్త్రవైద్యుడు డొమినిక్ జాన్ లారే, క్షతగాత్రులను పోరు ముగియువరకు పడినచోటనే విడిచియుంచు ఆచారమును చూచి సహింపలేక, గుర్రములపై వేగముగ కదలు ఫిరంగిదళమును ఆదర్శముగ గైకొని, తేలికయైన బండ్లను వైద్యసిబ్బందితో సహా రణరంగమునకే పంపు ఏర్పాటు తలపెట్టెను. వానికి ‘ఎగిరెడి అంబులెన్సులు’ అని పేరు వచ్చినది. ఆయన విధించిన నియమము మరియొకటి కలదు: క్షతగాత్రులలో సేనాని యెవడు, బంటు యెవడు అని చూడక, గాయము తీవ్రతను బట్టియే ఎవనిని ముందు చూడవలెనో నిర్ణయింపవలెను. నా దృష్టిలో ఈ నియమము బండికంటె గొప్పది. బండి వేగము వడ్రంగి పనితనమునకు సంబంధించినది. ఎవని ప్రాణము ముందు అనునది ధర్మమునకు సంబంధించినది.

పౌరజీవితమునకు ఈ పాఠము పూర్తిగ చేరుటకు శతాబ్దమునకు పైగా పట్టినది. 1935 నవంబరులో లండను నగరపు వింపోల్ వీధిలో ఒక ఇల్లు తగులబడి ఐదుగురు స్త్రీలు మరణించిరి. అగ్నిమాపకదళమునకై ఫోను చేసిన పొరుగువాడు టెలిఫోను ఎక్స్ఛేంజిలో పలుకువారు లేక నిరీక్షింపవలసివచ్చినది. ఆ గోడు పత్రికకెక్కి, విచారణ జరిగి, తుదకు 1937 జూన్ 30న 999 అను సంఖ్య అమలులోనికి వచ్చినది. అమెరికాలో 911 సంఖ్యకు మొదటి పిలుపు 1968 ఫిబ్రవరి 16న ఆలబామా రాష్ట్రములోని హేలీవిల్ అను చిన్న పట్టణమున వినబడినది. అంతకు ముందటి సంవత్సరమే, 1967లో, పిట్స్‌బర్గు నగరపు నల్లజాతివారి పేటలో, రోగిని పోలీసుబండిలో పడవేసికొనిపోవుటయే వాడుకగనున్న కాలమున, ఉద్యోగములు దొరకని యువకులకు పీటర్ సఫార్ అను వైద్యుని పర్యవేక్షణలో శిక్షణ నిచ్చి ‘ఫ్రీడమ్ హౌస్’ అను అంబులెన్సు సేవను నెలకొల్పిరి. తరువాతి కాలపు పారామెడిక్కులకు మార్గదర్శకులైనవారిలో వీరును కలరు. ఉపేక్షింపబడిన పేటలోనే ఉత్తమమైన సేవ పుట్టుట మనవంటివారు జ్ఞాపకముంచుకొనదగిన విషయము.

ఇక రాజ్యములు ఈ సేవను కట్టుకొనిన తీరులను విచారించిన, ప్రధానముగ రెండు మార్గములు కానవచ్చును. ఫ్రాన్సు దేశమున 15 అను సంఖ్యకు ఫోను చేసినచో ఆ పిలుపును తూచి నిర్ణయించువాడు వైద్యుడు. అవసరమైనయెడల వైద్యుడే బండిలో బయలుదేరి రోగి యున్నచోటనే చికిత్స ప్రారంభించును. ఆసుపత్రి రోగివద్దకు పోవలెనను ఈ సిద్ధాంతమునకు 1986 జనవరి 6 నాటి చట్టము దేశవ్యాప్తమైన ప్రతిష్ఠ కల్పించినది. ఇంగ్లండు, అమెరికా దేశముల మార్గము వేరు. శిక్షణపొందిన సిబ్బంది వచ్చి, ఊపిరి నిలబెట్టి, రక్తము కట్టి, రోగిని శీఘ్రముగ ఆసుపత్రికి చేర్చుదురు. మొదటి మార్గము వైద్యుని కాలమును బాటపై వెచ్చించును. రెండవది బాటపై కాలమును మిగిల్చి వైద్యుని ఆసుపత్రిలోనే ఉంచును. వైద్యులు కొరతగనున్న మనదేశము రెండవదానిని అనుసరించుట సహజమే. ఫ్రెంచివారి ఏలుబడిలో తరతరములు గడపి, 1823లోనే వైద్యపాఠశాల పొందిన ఈ పుదుచ్చేరి సైతము నేడు ఆ రెండవ బాటనే నడుచుచున్నది.

మన రాజ్యాంగము ఏడవ షెడ్యూలులోని రెండవ జాబితాయందు ఆరవ పద్దుగ ప్రజారోగ్యమును ఆసుపత్రులను రాష్ట్రములకు అప్పగించినది. అప్పగింత జరిగినది గాని, రోగిని ఆసుపత్రికి చేర్చు భారము ఎవరిదో చిరకాలము స్పష్టపడలేదు. పెద్ద ఆసుపత్రులకు తమ తమ బండ్లుండెడివి. అవి ఆసుపత్రి పనికి ఉద్దేశింపబడినవి. పల్లెలో పాము కరచినవాడు నులకమంచముపైనో ఎద్దులబండిపైనో పోవలసినదే. తెలుగునాట పాడేరు మన్యములో కర్రకు కట్టిన డోలీపై నిండుచూలాలిని మైళ్లకొలది మోసికొనివచ్చుట నేటికిని అంతరింపలేదు.

న్యాయస్థానములు శాసనసభలకంటె ముందుగ మేలుకొనినవి. స్కూటరుపై పోవుచు కారు తగిలి పడినవానిని, పోలీసు కేసులు చూచు అధికారము తమకు లేదని ఒక ఆసుపత్రివారు దూరమునగల మరియొక ఆసుపత్రికి పంపగా, ఆతడు దారిలో మరణించిన ఉదంతముపై 1989లో సుప్రీంకోర్టు పరమానంద కటారా వ్యాజ్యమున తీర్పు చెప్పుచు, ప్రాణము నిలుపుట మొదటి విధియనియు, పోలీసు తతంగము పిదప జరుపుకొనవచ్చుననియు శాసించినది. 1996లో మరియొక తీర్పు వెలువడినది. పశ్చిమ వంగరాష్ట్రమున వ్యవసాయ కూలీల సంఘమునకు చెందిన ఒకడు 1992 జూలైలో రైలునుండి పడి తలకు దెబ్బతగిలి, కలకత్తాలోని పలు ప్రభుత్వ ఆసుపత్రులలో పడక లేదను మాటయే వినుచు తిరిగి, తుదకు ప్రైవేటు ఆసుపత్రిలో సొమ్ము చెల్లించి చికిత్స పొందవలసివచ్చినది. సకాలములో చికిత్స ఈయకపోవుట రాజ్యాంగపు 21వ అధికరణము ప్రసాదించిన ప్రాణహక్కునకు భంగమని నిర్ణయించి, 25,000 రూపాయల పరిహారము ఇప్పించి, ధనాభావమను సాకు ఈ విషయమున చెల్లదని న్యాయస్థానము తేల్చి చెప్పినది. ఏ ఆసుపత్రిలో పడక ఖాళీ యున్నదో ముందుగ తెలిసికొని రోగిని అచ్చటికే పంపునట్టి సమాచార కేంద్ర మొకటి ఉండవలెననియు ఆ తీర్పునందే కలదు. ఈ తుదివాక్యమును మరువవలదని మనవి. మరల దానియొద్దకు రావలసియున్నది.

అట్టి స్థితిలో 2005 ఆగస్టు 15న, వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగ నుండగా, నాటి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమున 108 సేవ ప్రారంభమైనది. సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు స్థాపించిన లాభాపేక్ష లేని సంస్థ దానిని నడపినది. తరువాత ప్రభుత్వ ధనము దానికి ఆధారమైనది. మూడు అంకెలు, ఉచితమైన ఫోను, ఏ పొలిమేరలోనైనను ఒకే సంఖ్య: ఈ మూడును కలిసి తెలుగుపల్లె వ్యవహారమునే మార్చినవి. ‘108కి కొట్టండి’ అనుట ఆపదలో మొదటి మాటయైనది. పిలుపులలో అధికభాగము ప్రసవవేదన పడు స్త్రీలకొరకు వచ్చినవే. బండిలోనే బిడ్డ పుట్టిన వార్త జిల్లా పత్రికలకు పరిపాటియైనది. 2007లో గుజరాతు ఈ పద్ధతినే స్వీకరించి, దానికి చట్టమును సైతము చేసికొనినది; 2008లో తమిళనాడు అనుసరించినది; క్రమముగ దేశమున పెక్కు రాష్ట్రములకు ఈ సంఖ్య వ్యాపించినది.

ఇచ్చట పరిపాలనాశాస్త్ర విద్యార్థి గమనింపవలసిన సంగతి యొకటి కలదు. 2009 జనవరిలో సత్యం సంస్థ లెక్కల మోసము బయటపడి స్థాపకుడు చెరసాల పాలైనను 108 బండి ఆగలేదు. నిర్వహణ జి.వి.కె. సంస్థవారి చేతికి మారినది. పిమ్మట నిర్వాహకులు మరికొన్ని పర్యాయములు మారిరి. 2014లో రాష్ట్రమే రెండైనది. 2020 జూలై 1న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 108 సేవకును 104 అను సంచార వైద్యసేవకును కలిపి 1,088 వాహనములను విజయవాడలో ఒక్కదినముననే ప్రారంభించినది. స్థాపకుని కీర్తితోగాని అపకీర్తితోగాని నిమిత్తము లేకుండ సేవ సాగుటకు కారణము, దాని వ్యయము ప్రజాధనము నుండి వచ్చుటయే. ఐనను గుత్తకిచ్చు పద్ధతిలో చిక్కు లేకపోలేదు. బండి కింత యని నెలకు చెల్లించినచో కదలక నిలిచిన బండికిని సొమ్ము ముట్టును. తిరిగిన కేసు కింత యని చెల్లించినచో జలుబు జ్వరములును ఆపద పద్దులోనికెక్కును. ఏ కొలతను బట్టి చెల్లింతుమో ఆ కొలత వైపే సేవ వంగును. కాబట్టి ఏమి కొలువవలెనను ప్రశ్న గుమాస్తాలకు విడిచిపెట్టదగినది కాదు.

ఆ కొలత ఎట్టిదై యుండవలెనో నాకు గ్రంథములకంటె మనము స్మరించుచున్న డ్రైవరే బాగుగ నేర్పెను. ఆయన పనిచేసిన దినములలో ఫోనుకేంద్రములు లేవు, ఉపగ్రహ పటములు లేవు. బండిలో స్ట్రెచరుతోపాటు ఆయన స్వంతముగ ఉంచుకొనినవి మూడు: రెండు బ్యాటరీల టార్చిలైటు, ఒక చాంతాడు, నిడుపాటి వెదురుగడ. తెరువులు ఇరుకై, వలలును తెప్పలును ఆరవేసియున్న మత్స్యకారుల కుప్పపు సందులలోనికి బండి చొరనప్పుడు, దుప్పటిని గడకు కట్టి, ఇరువురు పడుచువాండ్రను పిలిచి, రోగిని వీధి మొగకు మోసికొని వచ్చెడివాడు. మన్యపు డోలీయే సముద్రతీరమునను అక్కరకు వచ్చినదన్నమాట. సీటు క్రింద నొక గీతల నోటుపుస్తక ముండెడిది. అందు ప్రతి కేసునకు మూడు వేళలు వ్రాసెడివాడు: పిలుపు అందిన వేళ, రోగి యొద్దకు చేరిన వేళ, ఆసుపత్రిలో తన స్ట్రెచరు తనకు తిరిగివచ్చిన వేళ. మూడవది ఏల వ్రాయుచున్నావని ఒకపరి నేనడుగగా, “అయ్యా, మొదటి రెండును నా చేతిలోనివి. మూడవది ఎవరి చేతిలోనిదో నాకింతవరకు తెలియలేదు” అనెను.

ఈ మాటలో నేటి నా ఉపన్యాసమంతయు ఇమిడియున్నది. మన రాష్ట్రములు బండ్లు కొనుట నేర్చినవి, సంఖ్యలు నేర్పుట నేర్చినవి. కాని ఒక కార్యాలయపు బాధ్యత ముగిసి మరియొకదాని బాధ్యత మొదలగుచోట, అనగా అతుకులవద్ద, ఎవ్వరును నిలుచుట లేదు. వల అల్లుట మనకంటె బాగుగ ఎరిగిన ఈ కుప్పమువారికి వేరుగ చెప్పనక్కరలేదు: దారము ఎంత గట్టిదైనను ముడి వీడినచోటనే చేప జారిపోవును.

మొదటి అతుకు పిలుపునకును బండికిని నడుమ కలదు. నేడు 108కి ఫోను చేసినచో కేంద్రమున కూర్చున్నవారు జిల్లా, మండలము, ఊరు, గుర్తుగల స్థలము అడిగి, ఏమి జరిగినదో తెలిసికొని, సమీపమున నిలిచియున్న బండిని పంపుదురు. బండి నడుపువానిని పైలట్ అనియు, వెంటనుండి చికిత్స చేయువానిని ఈ.ఎం.టి. అనియు వ్యవహరింతురు. జాతీయ ఆరోగ్య మిషను లెక్కప్రకారము లక్షమందికి ఒక సామాన్య ప్రాణరక్షక వాహనమును, ఐదు లక్షలమందికి వెంటిలేటరు మొదలగు పరికరములు గల వాహనము ఒకటియు ఉండవలెను. కాని లెక్క తలలను బట్టి కట్టినది, బాటలను బట్టి కాదు. మన్యపు కొండకును కుప్పపు సందునకును పెద్దబండి పనికిరాదు. ఆంధ్రప్రదేశ్ 2018లో గిరిజన ప్రాంతములకు మోటారుసైకిలు అంబులెన్సులను పంపుటయు, వాహన ప్రమాణముల నియమావళి ద్విచక్రవాహనమును సైతము అంబులెన్సులలో నొక తరగతిగ గుర్తించుటయు ఈ లోపమును ఎరిగి చేసిన మంచిపనులు. ఐనను బండి వచ్చువరకు రోగిప్రక్క నుండువాడు పొరుగువాడే. వానిని చిరకాలము మన చట్టము సాక్షియనియు అనుమానితుడనియు బెదరించినది. సుప్రీంకోర్టు 2016లో ఇచ్చిన ఆదేశముల పిదప, మోటారువాహనముల చట్టమునకు 2019లో చేసిన సవరణ, ఆపన్నుని ఆదుకొనినవానికి రక్షణ కల్పించినది. ఈ రక్షణ ఉన్నదని ఎరుగక, రక్తసిక్తుని దాటిపోవువారు నేటికిని కలరు.

మన తీరమున ఈ మొదటి అతుకునకు మరియొక ముఖమున్నది. నడిసముద్రమున పడవలో గుండెపోటు వచ్చిన మత్స్యకారుని కొరకు 108కి ఫోను చేసిన ఫలమేమి? తీరరక్షకదళము వారి సంఖ్య 1554 వేరు. సముద్రముపై వారు, నేలపై వీరు; ఒడ్డున రోగిని ఎవరు ఎవరికి అప్పగింతురో, ఏ రేవున అప్పగింతురో ముందుగ నిర్ణయమై యుండవలెను గాని, అలలమధ్య నిర్ణయించుకొనదగినది కాదు.

రెండవ అతుకు ఆసుపత్రి వాకిలి. బండి క్యాజువాలిటీ ముందు ఆగును. లోపల పడక ఖాళీగ నుండదు. రోగిని దింపినచో పరుండబెట్టుటకు వేరు స్ట్రెచరు లేదు. కావున బండి స్ట్రెచరు మీదనే ఆతడు వరండాలో నుండును. స్ట్రెచరు లేని బండి కదలదు. అదే సమయమున మరియొక పేటనుండి పిలుపు వచ్చును. దూరపు ఊరినుండి చూచువారికి బండి ఆలస్యమైనదని తోచును. వాస్తవముగ ఆలస్యమైనది పడక. ఈ వ్యాధి మనదేశమునకే పరిమితమైనది కాదు, ఇంగ్లండు దేశమునను ఆసుపత్రుల ముంగిట అంబులెన్సులు బారులుతీరుట ప్రతి శీతకాలమునను వార్తయగుచున్నది. 1996 నాటి తీర్పు కోరిన పడకల సమాచార కేంద్రము ప్రతి రాష్ట్రమునను నిజముగ పనిచేయుచుండినచో, ఈ.ఎం.టి. రోగిని తీసికొని మూడు ఆసుపత్రులకు ఫోను చేసి బ్రతిమాలుకొనవలసిన దుర్గతి యుండదు. కురుచికుప్పమునకు కూతవేటు దూరమున ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి యుండుటయు, నగరపు వాయవ్యమున గోరిమేడులో జిప్మరు వంటి మహావైద్యసంస్థ యుండుటయు మన అదృష్టము. అదృష్టము వాకిలివరకే తెచ్చును. లోపలికి తీసికొనిపోవలసినది వ్యవస్థ.

మూడవ అతుకు పొలిమేర. ఇది మిక్కిలి కఠినమైనది, తెలుగువారి గుండెలో ములుకువలె నాటుకొనినదియు ఇదియే. 2021 మే నెలలో కోవిడ్ రెండవ విడత విజృంభించుచుండగా, ఆంధ్రప్రదేశ్‌నుండి హైదరాబాదు ఆసుపత్రులకు రోగులతో పోవుచున్న అంబులెన్సులను తెలంగాణ పోలీసులు కర్నూలు దాటిన పిదప పుల్లూరు టోల్‌గేటు వద్దను, కోదాడ సమీపమున రామాపురము క్రాస్‌రోడ్డు వద్దను నిలిపివేసిరి. ఆసుపత్రివారి అంగీకారమును కంట్రోలు రూము అనుమతియు ముందుగ పొందియుండవలెనని మే 11న ఉత్తరువు వెలువడినది. తెలంగాణ హైకోర్టు మే 14న దానిని నిలిపివేసినది. అంతకు పూర్వము ఏప్రిల్ 30ననే, స్థానికుడనని రుజువు లేదను కారణమున ఏ రాష్ట్రమునందును రోగికి ఆసుపత్రి ప్రవేశము నిరాకరింపరాదని సుప్రీంకోర్టు స్పష్టముగ చెప్పియుండెను. అప్పటికి ఏడేండ్ల క్రిందటివరకు రెండును ఒకే రాష్ట్రము. 108 సేవ పుట్టినది ఆ హైదరాబాదుననే. భాష యొకటి, బంధుత్వములు ఒకటి. ఐనను ప్రాణవాయువు సిలిండరుపైని ముల్లు దిగిపోవుచుండగా బండ్లు గేటు ముందు నిలిచినవి. తమ ప్రజలకే పడకలు చాలుట లేదను పాలకుల భయము నేనెరుగనిది కాదు. కాని ఆ భయమునకు విరుగుడు రోగుల పంపకమును గూర్చి రెండు ప్రభుత్వములును మాటలాడుకొనుట; టోల్‌గేటు వద్ద పోలీసు నిర్ణయించుట కాదు. అంతకు ముందటి యేడు తలపాడి వద్ద కర్ణాటకము దారి మూసినపుడు కాసరగోడు రోగులు మంగుళూరు చేరలేక పడిన పాట్లును ఇట్టివే.

ఈ మూడవ అతుకు ఇతరులకు మహమ్మారి వచ్చినపుడు మాత్రమే కనబడును. పుదుచ్చేరికి నిత్యము కలదు. మన ప్రదేశము నాలుగు ముక్కలు. కారైకాలు కావేరీముఖమున, మాహే మలబారు తీరమున, యానాము గోదావరి గౌతమీశాఖ ఒడ్డున. యానాము 1954 జూన్ 13న ఫ్రెంచి పాలననుండి విముక్తిపొందినది; నేడు పుదుచ్చేరినుండియే పరిపాలింపబడుచున్నది. నడుమ దూరము ఎనిమిది వందల కిలోమీటర్లకు పైమాటే. యానామువానికి తల పగిలినచో తన రాజధానికి పోవుట కలలోని మాట. పోవలసినది సుమారు 30 కిలోమీటర్ల దూరమున ఆంధ్రప్రదేశ్‌లోని కాకినాడ ఆసుపత్రికి. మాహేవానికి తలశ్శేరి దిక్కు. అట్లే కడలూరు, విళుప్పురము జిల్లాలలో బాటపై పడిన తమిళనాటి రోగికి జిప్మరే దిక్కు. ఈ నగరపు చుట్టుపట్ల బస్సులో పోవునపుడు ఏది తమిళనాడో ఏది పుదుచ్చేరియో పెట్రోలుబంకు ధరను బట్టి తెలిసికొనవలసినదే గాని, నేలను చూచి తెలియదు. ప్రకృతి గీయని గీతను రోగి ఎట్లు ఎరుగును? ఇంతకాలము ఈ రాకపోకలు సాగుచున్నవన్న అవి వైద్యుల మంచితనమువలన, డ్రైవర్ల తెలివివలన సాగుచున్నవి. మంచితనము ఆభరణమే, కాని పౌరుని ప్రాణమును దానిపై ఆధారపరచుట రాజ్యమునకు తగదు.

ఇంత వ్యయప్రయాసలు వేగమునకేల, రోగము రాకుండ చూచుట మేలు కాదా, గ్రామ ఆరోగ్యకేంద్రమును బాగుచేయుట మొదటిపని కాదా యని ప్రశ్నించువారు కలరు. వారి మాటలో సత్యము లేకపోలేదు. పల్లెలో రక్తపుపోటు కనిపెట్టి మందిచ్చు కేంద్రమున్నచో పక్షవాతపు పిలుపులు తగ్గును. ఐనను ఎంతటి ఆరోగ్యవంతమైన దేశమందైనను బాటపై బండ్లు ఢీకొనక మానవు, ప్రసవములు విషమింపక మానవు. పైగా పేదవాని కుటుంబము అప్పులపాలగుటకు ఒక్క రాత్రి చాలును. రోడ్డుప్రమాద బాధితునికి ఏడు దినములవరకు, లక్షన్నర రూపాయల మేర, నగదు చెల్లింపు లేని చికిత్సను కేంద్రప్రభుత్వము 2025లో ఏర్పరచుట ఈ కారణముననే శ్లాఘనీయము. గాయపడిన తరువాతి మొదటి గంటకు ‘గోల్డెన్ అవర్’ అని చట్టమే నిర్వచనమిచ్చినది. ఆ గంటలో ఎంత భాగము ఏ అతుకువద్ద వ్యర్థమగుచున్నదో లెక్క వ్రాయు కర్తవ్యమును మాత్రము ఎవ్వరికిని ప్రత్యేకముగ అప్పగింపలేదు.

కావున ఈ సభాముఖమున మూడు మనవులు చేయుచున్నాను. మొదటిది, ఆ డ్రైవరు నోటుపుస్తకమునందలి మూడు వేళలును, అనగా పిలుపు, చేరిక, అప్పగింత, ప్రతి మాసమునను ఆసుపత్రివారీగ బహిరంగముగ ప్రకటింపబడవలెను. నిర్వాహకులకు చెల్లింపు బండ్ల సంఖ్యను బట్టి గాక ఈ వేళలను బట్టి జరుగవలెను. మూడవ వేళకు ఆసుపత్రి అధికారి జవాబుదారి కావలెను. రెండవది, పుదుచ్చేరి ప్రభుత్వము తమిళనాడు, ఆంధ్రప్రదేశ్, కేరళ ప్రభుత్వములతో లిఖితపూర్వకమైన ఒడంబడిక చేసికొనవలెను: ఆపదలోనున్న రోగిని ఏ రాష్ట్రపు బండియైనను సమీపమునగల ఏ ఆసుపత్రికైనను చేర్చవచ్చును, వ్యయపు లెక్కలు ప్రభుత్వములు పిదప తమలో తాము తీర్చుకొనవలెను, తీరరక్షకదళము రోగిని దింపవలసిన రేవులును అందులోనే పేర్కొనబడవలెను. మూడవది మనము చేయదగినది. ఊపిరి ఆగినవాని ఛాతీని నొక్కుట, రక్తము కారుచోట గుడ్డ బిగించుట, వెన్ను విరిగినవానిని కదల్పక ఎత్తుట ప్రతి కుప్పమునందును పదిమంది పడుచువారికి నేర్పింపవలెను. నేర్పుటకు జిప్మరు వైద్యులున్నారు. నేర్చుకొనుటకు మన పిల్లలున్నారు.

వీనిలో మొదటి రెండును క్రొత్త భవనములు కోరవు, విశేషధనము కోరవు. అధికారుల నడుమ సమ్మతి కోరును, ప్రజల పక్షమున పట్టుదల కోరును. ఈ విషయములను వినతిపత్రముగ వ్రాసి యానాము, కురుచికుప్పము నివాసుల సంతకములతో శాసనసభ్యులకు అందజేయుదుమని మీరు నిశ్చయించినచో, ముసాయిదా వ్రాయుభారము నాది. లారే నాడు విధించిన నియమము ప్రకారము రోగి హోదాను చూడకపోవుట నేర్చిన రాజ్యములు పెక్కు కలవు. రోగి చిరునామాను సైతము చూడకపోవుట నేర్చిన రాజ్యమే ఆపత్కాల వైద్యమున తన ధర్మమును పూర్తిగ నిర్వర్తించినదగును.